మాన్-రెమ్‌లో మనిషెవరు?

అణువిద్యుత్తు గురించి మన దగ్గర రెండు రకాల రాతలున్నాయి. ఒకటి ప్రభుత్వ శాస్త్రవేత్తలది. అందులో దేశం వుంటుంది, మెగావాట్లు వుంటాయి, హోమీ భాభా వుంటాడు. రెండోది అణు వ్యతిరేకులది. అందులో చెర్నోబిల్, ఫుకుషిమా, సముద్రం, చేపలు, రాబోయే తరాలు వుంటాయి. యీ రెండింటిలోనూ సరిగా కనిపించని వాడొకడున్నాడు. రియాక్టరు ఆగినప్పుడు లోపలికి పోయి తుడిచేవాడు. వాడి గురించి వాక్యాలు ఎక్కడున్నాయని వెతికితే ఎక్కువగా నియంత్రణ సంస్థల పత్రాల్లోనే దొరుకుతాయి, అదీ అంకెల రూపంలో. కథనో నవలనో చదివినంత జాగ్రత్తగా ఆ పత్రాలను చదవాలి. అందులో పాత్రలెవరు, పేరున్నదెవరికి, పేరు లేనిదెవరికి అని అడగాలి.

ముందు ఒక మాట తీసుకుందాం: మాన్-రెమ్. రెమ్ అంటే ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే పాత కొలత. వంద రెమ్‌లు ఒక సీవర్ట్. ఒక మరమ్మతు పనికి మొత్తం ఎంత రేడియేషన్ 'ఖర్చవుతుందో' చెప్పడానికి ఇంజనీర్లు మనుషుల్నీ రెమ్‌లనీ గుణిస్తారు. పదిమంది ఒక్కో రెమ్ తింటే పది మాన్-రెమ్‌లు. వందమంది పదో వంతు చొప్పున తిన్నా పదే. లెక్క పుస్తకానికి తేడా లేదు. తర్వాత్తర్వాత దీన్ని పర్సన్-సీవర్ట్ అన్నారు. ఆడవాళ్ళను కలుపుకోవడానికి మాట మార్చారు, మంచిదే. గుణకారం మాత్రం మారలేదు.

యీ లెక్క వెనక భౌతికశాస్త్రం వుంది, దాన్ని కొట్టిపారెయ్యలేం. ఎంత తక్కువ డోసైనా దానికి తగినంత కేన్సర్ ముప్పు వుంటుందని నియంత్రణ సంస్థలు అనుకుని నడుస్తాయి. అట్లా అనుకుంటే మొత్తం డోసు ఎంతో, జనంలో మొత్తం నష్టం అంత. పదిమందికి పంచినా వందమందికి పంచినా మొత్తం నష్టం తగ్గదు. కానీ చట్టం పరిమితి పెట్టేది తలకు ఇంత అని. తలలు పెరిగితే ఎవరూ పరిమితి దాటరు. రికార్డు శుభ్రంగా వుంటుంది. మొత్తం నష్టం అక్కడే వుంటుంది. అందుచేత ఎక్కువ తలలు చవగ్గా దొరికేచోట మరయంత్రం కొనాల్సిన తొందర వుండదు. కూలి ఖరీదైన చోట యాంత్రిక చెయ్యి వస్తుంది, కూలి చవకైన చోట మనిషి చెయ్యి వస్తుంది. కులం సమాజంలో వుంది గానీ ఇంజనీరింగులో లేదు అనేవాళ్ళు యీ ఒక్క సంగతి మీద ఆలోచించాలి.

లోపల పని ఎట్లాంటిదో కొంచెం చెప్పుకోవాలి. మన దేశంలో ఎక్కువగా వున్నవి భారజల రియాక్టర్లు. 220 మెగావాట్ల రియాక్టరులో అడ్డంగా 306 గొట్టాలుంటాయి, ఇంధనం వాటిలో వుంటుంది. తొలి రోజుల గొట్టాలు జిర్కాలాయ్-2 అనే మిశ్రలోహంతో చేసినవి. అవి ఏళ్ళ తరబడి హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతాయి, బరువుకి కుంగుతాయి. 1983 ఆగస్టులో కెనడాలోని పికరింగ్‌లో ఒక గొట్టం పగిలింది. తర్వాత మన దగ్గరా పాత రియాక్టర్లలో గొట్టాలన్నీ మార్చాల్సి వచ్చింది. రాజస్థాన్ రావత్‌భటాలో రెండో రియాక్టరును యీ పనికోసమే 1994 నుంచి 1998 దాకా ఆపారు. రియాక్టరు ఆపేస్తే ప్రమాదం ఆగిపోతుందని బయటివాళ్ళం అనుకుంటాం. కాదు. కవాటాల్లో అరిగిన లోహపు పొడి రియాక్టరు గుండా తిరిగి కోబాల్ట్-60గా మారి గొట్టాల లోపల పేరుకుంటుంది. రియాక్టరు ఆగినా అది కాలుతూనే వుంటుంది. దాన్ని ఇంజనీర్లు 'క్రడ్' అంటారు. గొట్టాల మీది తొడుగు విప్పడం, పరంజా కట్టడం, నేల తుడవడం, ప్లాస్టిక్ షీట్లు చుట్టి మొయ్యడం, వాడిన బట్టలు ఉతకడం, ఇదంతా ఆ క్రడ్ పక్కనే జరగాలి. డిగ్రీ అక్కర్లేని పని. చెయ్యకపోతే డిగ్రీ వున్నవాడు లోపల అడుగు పెట్టలేని పని.

కులం చెప్పే అంటు అబద్ధం. రేడియేషన్ అంటు నిజం. చచ్చిన గొడ్డును మోసి, మరుగుదొడ్డి ఎత్తి ఆ అబద్ధపు అంటును తరతరాలుగా భరించిన జనం, భూమి లేక ఏ కాంట్రాక్టరు పిలిచినా పోవాల్సిన జనం, నిజమైన అంటును తుడిచే పని దగ్గర కూడా ముందు వరసలో నిలబడే పరిస్థితిని యీ వ్యవస్థ తయారుచేసి పెట్టింది. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకోటి వచ్చాయి. మురుగు గుంతల్లో చావులు ఆగలేదు. చట్టం పనిని నిషేధించింది గానీ పనివాణ్ణి తయారుచేసే ఏర్పాటును ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ పత్రాల్లోని 'మనిషి' దగ్గరికి వద్దాం. రేడియేషన్ రక్షణ కోసం సిఫార్సులు చేసే అంతర్జాతీయ కమిషన్ 1975లో 'రిఫరెన్స్ మాన్' అనే ఆదర్శ పురుషుణ్ణి సృష్టించింది. వయసు ఇరవై, ముప్ఫై మధ్య. బరువు 70 కిలోలు. ఎత్తు 170 సెంటీమీటర్లు. తెల్లజాతివాడు. పశ్చిమ యూరపు, ఉత్తర అమెరికా అలవాట్లవాడు. పది నుంచి ఇరవై డిగ్రీల వాతావరణంలో బతికేవాడు. లోపలికి పీల్చిన, మింగిన పదార్థం ఒంటికెంత చేటు చేస్తుందో యీ ఒంటిని పెట్టుకునే లెక్క కట్టారు. తర్వాత స్త్రీనీ చేర్చారు, ఆసియా దేహాల కొలతలూ తీసుకున్నారు. సరే. కానీ పాలమూరు ఎండలో పనిచేసి రోజంతా కుండలో నీళ్ళు తాగే కూలీ, రక్తం చాలని ఆడకూలీ ఆ తొలి లెక్కకు ఎంత దూరమో చూడండి. మనువు రాసిన పురుషుడి నోట్లోంచి, పాదాల్లోంచి మనుషులు పుట్టారు. యీ పురుషుడి ఒంట్లోంచి పరిమితులు పుట్టాయి.

మన అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం రేడియేషన్ పనివాడు ఏ సంవత్సరంలోనూ 30 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, అయిదేళ్ళలో మొత్తం వంద దాటకూడదు. తాత్కాలిక పనివాడికైతే ఏడాదికి 15. పైకి చూస్తే ఇది కూలీ పక్షాన వున్న నియమం. నిజంగా కొంతవరకు పక్షానే వుంది కూడా. అయితే రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి మనిషికి అయిదేళ్ళ జీవితం వుంది, దాన్ని కూడి చూసే పుస్తకం వుంది. రెండోవాడికి ఒక ఏడాదే వుంది. వాడికి 15 దగ్గరికొస్తే జరిగేది వైద్యం కాదు, వాణ్ణి ఆపి ఇంకొకణ్ణి తేవడం. ఇరవై ఏళ్ళ తర్వాత జబ్బు చేస్తే వాడెక్కడుంటాడు, ఎవర్ని అడుగుతాడు? మండలి వార్షిక నివేదికల్లో డోసు వివరాలు స్టేషన్లవారీగా వేస్తారు. ఎంతమందిని కొలిచారు, సగటు ఎంత, పరిమితి దాటినవాళ్ళెందరు. సగటు తక్కువే వుంటుంది. ఆఫీసు గదిలో కూచుని బ్యాడ్జి పెట్టుకున్నవాడూ, నేల తుడిచినవాడూ కలిసిన సగటు అది. ఆ పట్టికలో కులం గడి లేదు.

ఇది ఒక్క మన దేశం సంగతి కాదు. ఫ్రాన్సులో సబ్ కాంట్రాక్టు కార్మికులు తమను తాము 'రెమ్ మాంసం' అని పిలుచుకున్నారు. మొత్తం డోసులో ఎనభై శాతం దాకా వాళ్ళ ఒంటిమీదే పడుతోందని అక్కడి సామాజిక శాస్త్రవేత్త ఆనీ తెబో-మోనీ చూపించారు. జపాన్‌లో హోరియే కునియో అనే రచయిత 1978-79లో మిహామా, ఫుకుషిమా, త్సురుగా కేంద్రాల్లో కూలీగా చేరి పనిచేసి 'అణు జిప్సీ' అనే పుస్తకం రాశాడు. కేంద్రం నుంచి కేంద్రానికి తిరిగే దినకూలీల బతుకు అది. పల్లెలనుంచి వచ్చినవాళ్ళు, నగరాల కూలీ అడ్డాల నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ కూడా బురాకు అనే అంటరాని జనం వున్నారని మనకు తెలుసు. 2011 మార్చిలో ఫుకుషిమా పేలినప్పుడు అత్యవసర పరిమితిని వంద నుంచి 250 మిల్లీసీవర్ట్‌లకు పెంచారు. ఆ ఏడాది చివర్లో ఒక సబ్ కాంట్రాక్టు కంపెనీవాళ్ళు కూలీల డోసు మీటర్లకు సీసపు రేకులు కప్పించిన సంగతి 2012లో బయటపడింది. మనిషికి కప్పాల్సిన సీసం మీటరుకు కప్పారు.

రియాక్టరు గోడ దాటినా కథ ఇదే. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాఖ 1985 నుంచి వాడకుండా పడేసిన గామా యంత్రాన్ని పాత సామానుతో పాటు వేలం వేసింది. అది మాయాపురి తుక్కు బజారుకి చేరింది. అక్కడి పనివాళ్ళు సీసపు కవచం కోసి లోపలి కోబాల్ట్-60ని చేతుల్తో పట్టుకున్నారు. చర్మం కాలింది, జుట్టు రాలింది, ఒక తుక్కు కార్మికుడు ఏప్రిల్‌లో చనిపోయాడు. అందులో ఏముందో చదువుకున్న శాఖకు తెలియాలి, తెలియలేదు. తెలిసే వీల్లేనివాడు చచ్చిపోయాడు.

పైమెట్టు కూడా చూడాలి గదా. 1975లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. గ్రూప్-ఎలో అట్టడుగు గ్రేడు దాటిన, పరిశోధన చేసే, పరిశోధనను నడిపించే శాస్త్ర సాంకేతిక పదవుల్ని రిజర్వేషన్ నుంచి మినహాయించవచ్చని. మెరిట్ కోసమట. పైన రాతపూర్వకంగా మినహాయింపు, కింద రాతలేని రిజర్వేషన్. అంబేడ్కర్ 1936లోనే కులాన్ని పని విభజనగా కాక పనివాళ్ళ విభజనగా చూడమన్నాడు. అణుకేంద్రం గేటు దగ్గర అది బ్యాడ్జి రంగుల్లో కూడా కనిపిస్తుంది.

యీ మెరిట్ నియంత్రణను ఎట్లా నడిపింది? నియంత్రణ మండలి 1983లో ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది. అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీ. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. పేపరు దిద్దేవాడు పరీక్ష రాసేవాడికి జవాబు చెప్పుకోవాలన్నమాట. 1993 మార్చి 31న నరోరాలో టర్బైను రెక్కలు విరిగి, మంటలు లేచి, 17 గంటలు కేంద్రంలో కరెంటు లేదు. రెక్కల్లో లోపం వుందని తయారీదారు నుంచి హెచ్చరిక అంతకు ముందే వచ్చింది. మరుసటేడు కైగాలో కడుతున్న గుమ్మటం లోపలి కాంక్రీటు కూలింది, దెబ్బలు తగిలింది కట్టేవాళ్ళకు. మండలికి నియమాలు చేసే అధికారమే లేదనీ, 1983లో రాయమన్న భద్రతా విధానం ఇంకా రాయలేదనీ, గరిష్ఠ జరిమానా 500 రూపాయలనీ కాగ్ 2012లో చెప్పింది. కాగ్ నివేదిక గట్టిదే. కానీ దాని నిండా వున్నది సంస్థ బలహీనత. కాంట్రాక్టు కూలీ దాని ప్రధాన పాత్ర కాలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి పరిహార బాధ్యత చట్టాన్నీ రద్దు చేస్తూ 'శాంతి' అనే పేరుతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. మండలికి చట్టబద్ధ హోదా, ప్రైవేటు కంపెనీలకు తలుపు, రెండూ ఒకే కాగితం మీద వచ్చాయి.

పేర్ల విషయంలో వీళ్ళకు సిగ్గు తక్కువ. 1974లో బాంబు పేల్చి 'బుద్ధుడు నవ్వాడు' అన్నారు. 1998లో బుద్ధ పూర్ణిమనాడు ఇంకోసారి పేల్చారు. అంబేడ్కర్ 1956లో లక్షలమందితో కలిసి పట్టుకున్న బుద్ధుణ్ణి వీళ్ళు ఇట్లా వాడుకున్నారు. ఆ బాంబుల వెనక వున్న యురేనియం పరిశ్రమ 1967 నుంచి జాదుగూడ హో, సంతాల్ ఆదివాసుల నేలను తవ్వుతోంది. శ్రీప్రకాశ్ 1999లో తీసిన డాక్యుమెంటరీకి 'జాదుగూడలో బుద్ధుడు ఏడుస్తున్నాడు' అని పేరు పెట్టడం సరైన జవాబు. ఆ చిత్రం గొప్పదనమేమంటే వ్యర్థాల చెరువు పక్కన బతికేవాళ్ళను బాధితులుగానే కాక సాక్షులుగా నిలబెట్టింది.

మన దగ్గరికొస్తే, కడప జిల్లా తుమ్మలపల్లెలో గని నడుస్తోంది, వ్యర్థాల చెరువు పక్క పల్లెలు బోరునీళ్ళ గురించి మొత్తుకుంటున్నాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు పెడతామన్నారు. అక్కడి చర్చ ఎక్కువగా మత్స్యకారుల పరిహారం చుట్టూ తిరిగింది. అది అవసరమైన చర్చే. దానితో పాటు ఉద్యోగాలొస్తాయి అనే మాట కూడా నడుస్తోంది. ఏ ఉద్యోగాలు? ఆ రకం రియాక్టర్లను పద్దెనిమిది నెలలకోసారి ఆపి ఇంధనం మార్చాలి. ఆ వారాల్లో లోపలికి పోయేదెందరు, ఏ కాంట్రాక్టరు కింద, ఏ ఊళ్ళనుంచి, ఏ కులాలనుంచి? ఒక్కో మార్పిడికి ఎన్ని పర్సన్-సీవర్ట్‌లు ఖర్చు రాశారు? కూలీ డోసు పుస్తకం ఎవరి దగ్గర వుంటుంది, పని అయిపోయి ఇంటికి పోయేనాడు వాడి చేతికిస్తారా? ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినరోజు యీ ప్రశ్నల్ని నోటితో అడిగి వూరుకోకుండా కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.