బర్మింగ్‌హామ్ జైలు లేఖ: ఒప్పించే తీరు

1963 ఏప్రిల్ 12న, గుడ్ ఫ్రైడే నాడు, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ పోలీసులు మార్టిన్ లూథర్ కింగ్‌ను నిర్బంధించారు. ఊరేగింపులను నిషేధిస్తూ రాష్ట్ర న్యాయస్థానం ఇచ్చిన ఉత్తర్వును ఆయన ధిక్కరించారు. అదే రోజు ఎనిమిదిమంది శ్వేతజాతి మతాచార్యుల ప్రకటన వెలువడింది. నల్లజాతివారి ఆందోళన అకాలమనీ, దాని వెనుక బయటివారున్నారనీ, ఫిర్యాదులుంటే న్యాయస్థానాలలో తేల్చుకోవాలనీ దాని సారాంశం. వార్తాపత్రిక అంచులపైనా, చేతికందిన చిత్తు కాగితాలపైనా, ఆ తరువాత న్యాయవాదులు అందించిన కాగితాలపైనా కింగ్ రాసిన సమాధానమే ఏప్రిల్ 16 తేదీ గల బహిరంగ లేఖ. ప్రచురణకు ముందు దానికి ఆయన మెరుగులు దిద్దారు.

లేఖలో మొదట కనిపించేది మర్యాద. ప్రత్యర్థులను సాటి మతాచార్యులుగా సంబోధించి, వారి చిత్తశుద్ధిని అంగీకరించిన తరువాతనే ఆయన వాదానికి దిగుతారు. తెచ్చుకున్న సాక్షులు కూడా ఎదుటివారి ఇంటివారే. అన్యాయమైన శాసనం శాసనమే కాదనడానికి అగస్టీన్, అక్వినాస్‌లను పిలిచారు. ఆ ఎనిమిదిమందిలో ఒకరు యూదు మతాచార్యుడు. మార్టిన్ బూబర్ పేరు కూడా లేఖలో ఉంది. ఎవరి వద్ద ఎవరి మాట చెల్లుతుందో కింగ్‌కు బాగా తెలుసు.

భారతీయ పాఠకుడు ఇక్కడ ఒక లోటు గమనిస్తాడు. 1959లో మన దేశంలో పర్యటించి వెళ్లిన కింగ్, ఈ లేఖలో గాంధీజీ పేరు ఒక్కచోటా ఎత్తలేదు. వాస్తవ సేకరణ, సంప్రదింపులు, ఆత్మశుద్ధి, ప్రత్యక్ష చర్య అని ఆయన చెప్పిన నాలుగు మెట్లలో మూడవది మనకు ఎంత పరిచితమో వేరే చెప్పనక్కరలేదు. తననే బయటివాడంటున్నవారి ముందు మరింత దూరపు సాక్షిని నిలపడం ప్రయోజనకరం కాదని ఆయన తలచి ఉండవచ్చు. ఇది కృతఘ్నత కాదు, వాదనా వివేకమని నా అభిప్రాయం.

తర్కం నుండి హృదయానికి లేఖ మళ్లే చోటు మరింత విశిష్టమైనది. కొంతకాలం ఆగమన్నవారికి జవాబుగా ఆంగ్లంలో మూడు వందలకు పైగా పదాలున్న ఒకే వాక్యం వస్తుంది. మూకహత్యలు, పోలీసుల క్రౌర్యం, దారిద్ర్యం ఒకదానివెంట ఒకటి సాగుతాయి. నడుమ ఆరేళ్ల కూతురు కనిపిస్తుంది. టెలివిజన్‌లో చూసిన వినోదవనానికి తాను ఎందుకు వెళ్లకూడదో ఆ పిల్లకు తండ్రి చెప్పలేక తడబడతాడు. ప్రధాన వాక్యం చిట్టచివరకు గాని రాదు. క్రియ చివర నిలిచే మన భాషకు ఈ పద్ధతి కొత్త కాదు గాని, ఆంగ్ల పాఠకుడికి ఇది పరీక్ష. ఎదురుచూడమని సలహా ఇచ్చినవారు ఒక్క వాక్యమంతసేపు ఎదురుచూడవలసి వస్తుంది.

పరిపాలనా బాధ్యతలున్నవారిని కలవరపెట్టే భాగం వేరే ఉంది. బాహాటంగా ద్వేషించేవారికంటే, న్యాయంకన్నా శాంతిభద్రతలకే విలువనిచ్చే మితవాదుల వల్లనే తనకు ఎక్కువ నిరాశ కలిగిందని కింగ్ రాశారు. ప్రశాంతత కాపాడటమే వృత్తిధర్మమైన మాబోటివారు ఆ పేరా దాటి త్వరగా ముందుకు పోలేరు. 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పును పాటించమంటూ ఇతర శాసనాలను ఉల్లంఘించడమేమిటన్న ఆక్షేపణను ఆయన తానే లేవనెత్తుకున్నారు. ఉల్లంఘన బహిరంగంగా జరగాలి, శిక్షను స్వీకరించాలి అన్న షరతులతో అరాచకానికీ తన మార్గానికీ మధ్య గీత గీశారు.

అయితే బర్మింగ్‌హామ్‌ను ఈ లేఖే మార్చిందనడం చరిత్ర కాదు. మే 2న బాలబాలికలు వీధుల్లోకి వచ్చారు. కుక్కలను, నీటి గొట్టాలను వారిపై ప్రయోగించిన దృశ్యాలు లోకమంతా చూసింది. మే 10న ఒప్పందం కుదిరింది. జూన్ 12న ‘క్రిస్టియన్ సెంచరీ’ పత్రిక లేఖను ప్రచురించేనాటికి, చదవడానికి సిద్ధమైన మనసులు ఏర్పడి ఉన్నాయి. న్యాయస్థానాన్ని మాత్రం ఆ వాదన ఒప్పించలేదు. ఉత్తర్వును ఉల్లంఘించే ముందు కోర్టులోనే ప్రశ్నించి ఉండవలసిందంటూ 1967లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో శిక్షను ఖాయం చేసింది. ఆ ఏడాది అక్టోబరులో కింగ్ అలబామాకు తిరిగి వెళ్లి, ఆ శిక్షకై జైలులో ప్రవేశించారు.