కాలి పద్దు

మా మేనల్లుడు తాడేపల్లిగూడెంలో డిగ్రీలో చేరిన నెలకే డబ్బులైపోయాయని ఫోన్ చేశాడు. ఆదివారం ఏలూరు రమ్మని, ఖర్చుల పుస్తకం కూడా తెమ్మన్నాను. టీలు, జెరాక్సులు, మెస్సు బిల్లు, అన్నీ రాశాడు. ఆటో 40, ఆటో 40, ఆటో 60. ఆటోల పక్కన మాత్రం ఎర్రసిరాతో ఒకే మాట: దుబారా.

వాళ్ల నాన్న కైకలూరు దగ్గర చేపల చెరువు మీద కాపలా. మేత బస్తా నుంచి ఐసు దాకా పైసాతో సహా పద్దు రాసే మనిషి. ఆ పెంపకం మంచిదే. కానీ ఒంటికాలితో, చంకకర్రల మీద నడిచేవాడికి ఆటో దుబారా ఎలా అవుతుంది? నాది పోలియో కాలు. ఏలూరులో చదివే రోజుల్లో నేనూ రిక్షా డబ్బులు మిగిల్చాను. వానలో జారిపడి, మిగిల్చినదానికి మూడింతలు కట్టు కట్టించుకోడానికి పోశాను.

"ఒరేయ్, నీ కర్ర ఇలా ఇయ్యి" అన్నాను. తిరగేస్తే, అడుగున రబ్బరు బుష్ ఒకపక్కే అరిగి గొట్టం బయటపడింది. తడి గచ్చు మీద అది నిలవదు.

"వచ్చే నెల కొంటాలే మావయ్యా."

పుస్తకం చివరి నుంచి వేరే పేజీ తెరిపించాను. పేరు కాలి పద్దు. ఆటోలు, బుష్‌లు అందులోకి. డబ్బు రాగానే ముందు ఆ పేజీకి తియ్యాలి, మిగిలిందే మిగతావాటికి.

రాబడి? దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి 3,000 కాస్తా 6,000 అయింది. ఒకటో తారీకున దానికోసం వీడు క్లాసు మానుకుని ఊరెళ్తున్నాడు, అందులో నాలుగువేలు ఇంట్లో ఇచ్చి వస్తున్నాడు. తప్పనను, ఇల్లూ గడవాలి. హాస్టల్లో ఉండేవాళ్లకు పింఛను బ్యాంకు ఖాతాలో వేసే వీలుంది, సచివాలయంలో అడగమన్నాను. ఆర్టీసీలో ఛార్జీ రాయితీ ఉండనే ఉంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో దివ్యాంగులకు వేరే స్కాలర్‌షిప్ ఉంది: కనీసం 40 శాతం వైకల్యం, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు. సామాజిక భద్రత పథకాల్లో దివ్యాంగులకు ఇతరులకన్నా కనీసం 25 శాతం ఎక్కువివ్వాలని 2016 చట్టమే అంటోంది. కాలికి ఖర్చుంటుందని చట్టానికి తెలుసు, మావాడికే తెలీదు!

దరఖాస్తు పెట్టేవాళ్లు ముందు ఆధార్‌లో, సదరం (వైకల్య ధ్రువీకరణ) పత్రంలో పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. మావాడికి ఒక్క దీర్ఘం తేడా వచ్చి రెండు వారాలు తిరిగాడు.

ఆ ఆదివారం సాయంత్రమే బుష్‌లు కొన్నాం. జత 160. కాలి పద్దులో మొదటి పద్దు అదే.