దుర్యోధనుడికి అభిమానులున్న సీమ

ఎండలు ముదిరేసరికి చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: “ఈ ఏడు దుర్యోధనుడి వేషం ఎవరు కడతారు?” ధర్మరాజు గురించి అంత పట్టింపు ఉండదు. కృష్ణుడికి గొంతు బాగుంటే చాలంటారు. దుర్యోధనుడి దగ్గర మాత్రం రాజీ లేదు. ఆకారం ఉండాలి, రాగం తీయగలగాలి, తెల్లవార్లూ కిరీటం మోసే ఓపిక ఉండాలి. ఆఖరి రోజు ఎర్రటి ఎండలో భీముడికి అందకుండా పరిగెత్తే సత్తువ కూడా ఉండాలి.

ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి గుళ్ళు ఈ చిత్తూరు సీమలో చాలా ఊళ్ళలో ఉన్నాయి. చంద్రగిరిలో, తిరుపతిలో, శ్రీకాళహస్తిలో, పుత్తూరులో, ఇంకా ఎన్నో పల్లెల్లో. వాటి ముందు ఏటా జరిగే మహాభారత ఉత్సవాన్ని జనం పొట్టిగా ‘భారతం’ అంటారు. జెండా ఎక్కించి కంకణాలు కట్టుకున్నాక, కురుక్షేత్ర యుద్ధం ఎన్నాళ్ళు సాగిందో అన్నాళ్ళు, అంటే 18 రోజులు, కథ నడుస్తుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. లక్కయిల్లు, బకాసుర వధ, ద్రౌపది కల్యాణం, మాయాజూదం, అర్జున తపస్సు, కీచక వధ, గోగ్రహణం, కృష్ణ రాయబారం, అభిమన్యు వధ, కర్ణమోక్షం, చివరకు దుర్యోధన వధ. ఆ తర్వాత అగ్నిగుండం, ధర్మరాజు పట్టాభిషేకం.

దేశం మొత్తానికి ఇలాంటి అనుభవం టీవీ ఇచ్చింది. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై 1990 జూన్ 24 దాకా 94 భాగాలుగా నడిచింది. సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా. గదాయుద్ధానికి తగిన ఒళ్ళు కావాలని భీముడి వేషానికి ప్రవీణ్ కుమార్‌ను తీసుకున్నారు. ఆయన ఆసియా క్రీడల్లో డిస్కస్ విసిరి బంగారు పతకాలు గెలిచిన మనిషి. దుర్యోధనుడిగా పునీత్ ఇస్సార్, కర్ణుడిగా పంకజ్ ధీర్ ఇంటింటి మనుషులైపోయారు. 2020 లాక్‌డౌన్‌లో అదే సీరియల్‌ను మళ్ళీ వేస్తే, మొదటిసారి ప్రసారమైనప్పటికి పుట్టని పిల్లలు కూడా కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని వాదించుకున్నారు.

ఈ వాదన చిత్తూరు సీమకు కొత్త కాదు. ఇక్కడి వీధినాటకం, పొరుగున తమిళనాట ఆడే తెరుక్కూత్తు ఒకే కుదురువి. ద్రౌపది కొలువు మీద రెండు సంపుటాల గ్రంథం రాసిన అమెరికన్ పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ ఈ సంప్రదాయానికి జింజి ప్రాంతాన్ని కేంద్రంగా చూపించాడు. బెంగళూరు కరగ ఉత్సవానికీ ద్రౌపదే మూలం. సింగపూరు మారియమ్మన్ గుడిలో నిప్పులు తొక్కే మొక్కు కూడా ఆమెదే.

ఇక్కడి భారతంలో మధ్యాహ్నమే హరికథలో కథంతా చెప్పేస్తారు. భాగవతార్ చిడతలు పట్టుకుని, గజ్జెలు కట్టుకుని, హార్మోనియం, మృదంగం తోడుగా ఆ రోజు ఘట్టాన్ని పూసగుచ్చినట్టు వివరిస్తాడు. అదే ఘట్టాన్ని రాత్రి ఆడతారు. ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఉత్కంఠ మీద టీవీ సీరియల్ బతుకుతుంది. భారతంలో ఆ ఉత్కంఠను మిట్టమధ్యాహ్నమే తీసేస్తారు. ఇక రాత్రికి మిగిలేది వేషగాడు. జూదంలో పాచిక పడేటప్పుడు శకుని ముఖం ఎలా మారింది, నిండు సభలో ద్రౌపది అడిగినప్పుడు భీష్ముడు తల ఎక్కడ దించుకున్నాడు, రాయబారంలో కృష్ణుడి పద్యానికి దుర్యోధనుడు ఎంత రాగంతో బదులిచ్చాడు అన్నవే జనం చూస్తారు, మర్నాడు టీ అంగడి దగ్గర తూకం వేసేవీ అవే.

తెర దగ్గరి పని మరీ చక్కనిది. ఇద్దరు మనుషులు ఒక గుడ్డను అడ్డంగా పట్టుకుని నిలబడతారు. మొదట దాని వెనక గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. తర్వాత తెర పైఅంచున కిరీటం కొస కనబడి మాయమవుతుంది. వేషగాడు లోపలి నుంచి దరువు అందుకుంటాడు. హాస్యగాడు ముందుకొచ్చి, మనూరి మాటలో, నువ్వెవరయ్యా, ఏ ఊరయ్యా, ఈ రాత్రప్పుడు ఇక్కడేం పనయ్యా అని నిలదీస్తాడు. లోపలున్న రాజు తన వంశం, బిరుదులు, వచ్చిన పని చెప్పుకోవాలి. అంత చెప్పినా తెర వెంటనే తొలగదు. ఒక పక్కకు కాస్త జారుతుంది, భుజకీర్తుల అద్దాలు తళుక్కుమంటాయి, మళ్ళీ మూసుకుంటుంది. దుర్యోధనుడంతటి వాడు జనం ముందుకు రావాలంటే ఊరి అనుమతి అడిగి రావాలి. ఆ కాసేపట్లోనే జనం అతన్ని తమవాడిగా చేసుకుంటారు. సినిమాలో నాయకుడి ప్రవేశానికి ఈలలు వేసే అలవాటు మనకు ఈ తెర దగ్గరే పుట్టిందంటే నమ్మాలనిపిస్తుంది.

కిరీటం, భుజకీర్తులు తేలిక కర్రతో చేసి రంగు కాగితాలు, అద్దం ముక్కలు అతికిస్తారు. ముఖానికి దట్టంగా రంగు పూసి మీసం దిద్దుతారు. దూరంగా, చీకట్లో కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు రాజో, ఎవరు రాక్షసుడో తెలియాలి కదా. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టడం పాత ఆనవాయితీ. బాగా పాడిన వేషానికి నోటు చదివిస్తే హార్మోనియం దగ్గరి నుంచి ఇచ్చినవాళ్ళ పేరు వినిపిస్తుంది. పద్యం నచ్చితే ‘ఒన్స్‌మోర్’ అంటారు, అభిమన్యుడు చచ్చి పడి ఉన్నా సరే.

కొన్ని ఘట్టాలకు రాత్రీ చాలదు, పందిరీ చాలదు. బకాసుర వధ రోజు భీముడు బండెడు తిండితో వీధుల వెంట తిరుగుతాడు. అర్జున తపస్సుకు ఎత్తైన మాను పాతుతారు. వేషగాడు పద్యం పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతుంటే, కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో వరపడతారు. పైకి చేరిన అర్జునుడు నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. పాశుపతం కోసం శివుణ్ణి మెప్పించిన ఆ అర్జునుడే తర్వాతి జన్మలో శ్రీకాళహస్తి కన్నప్ప అయ్యాడని ఇక్కడ చెప్పుకుంటారు. ద్రౌపది గుళ్ళలో కావలి ఉండే పోతురాజు వ్యాసుడి భారతంలో కనిపించడు. తమిళ కర్ణమోక్షంలో కర్ణుడి భార్య పొన్నురువి కూడా అంతే. అభిమానం ముదిరినచోట జనం పాత్రలను చూసి ఊరుకోరు, వాటికి బంధువులను కలుపుతారు.

ఇక దుర్యోధన వధ. ముందు నుంచే మైదానంలో మట్టితో వెల్లకిలా పడుకున్న భారీ బొమ్మను మలుస్తారు. కాళ్ళ దగ్గర నిలబడితే తల అల్లంత దూరాన ఉంటుంది. గుడ్లురుముతున్న కళ్ళు, మెలితిప్పిన మీసం, కిరీటం, చేతిలో గద. పొద్దున ఎండ ఎక్కేసరికి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. భీముడు, దుర్యోధనుడు గదలు తిప్పుతూ బొమ్మ చుట్టూ పరిగెడతారు, దాని పొట్ట మీదికీ రొమ్ము మీదికీ ఎక్కి తలపడతారు. దుర్యోధనుడు జనంలోకి దూరితే జనం దారి విడుస్తారు, కొందరు అతని వెంటే ఉరుకుతారు. చివరకు తొడ మీద దెబ్బ పడి ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. జుట్టు విరబోసుకుని వచ్చిన ద్రౌపది ఆ ఎరుపు తలకు రాసుకుని, మాయాజూదం రోజున విప్పిన జుట్టును ముడివేసి పూలు పెట్టుకుంటుంది. ఆ క్షణాన ఆడవాళ్ళు వేసే కేక ఏ తెర మీదా వినిపించదు. చాలాచోట్ల బొమ్మ మట్టిని ఇళ్ళకు తీసుకుపోతారు. చచ్చిన శత్రువు ఒళ్ళు కూడా ఊరికి శుభమే. తమిళ కూత్తులో అతని కోసం ఏడ్చే ఆడవేషాలూ ఉన్నాయి.

ఆ సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్ళు పసుపు బట్టలతో నిప్పుల మీద నడుస్తారు. ద్రౌపది ప్రతిజ్ఞ నెరవేరడాన్ని అరికాళ్ళతో అనుభవించాక, ఆ కథను ఇంకెవరో చెప్పిన కథగా తలచుకోవడం ఆ మనుషులకు సాధ్యం కాదు.

తెలుగువాళ్ళ దుర్యోధన పక్షపాతం ఒక్క చిత్తూరుది కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలతో ‘కురుక్షేత్రం’ ఆడే సమాజాలు ఊరూరా ఉండేవి. ‘పాండవ వనవాసం’ (1965)లో ఎస్.వి. రంగారావు, ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966)లో ఎన్.టి. రామారావు ఆ పాత్రకు రాజసం తెచ్చారు. ‘దాన వీర శూర కర్ణ’ (1977)లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ కట్టి, దర్శకత్వం కూడా తానే వహించి, దుర్యోధనుడికి ఏకంగా యుగళగీతం పెట్టారు. ధర్మం ఎటువైపో తెలిసి కూడా ఓడిపోయేవాడి అభిమానాన్ని గౌరవించగలగడం వీధినాటకం మనకు నేర్పిన సంస్కారం.

చంద్రగిరి దుర్యోధనుణ్ణి ఇంతగా పట్టించుకునేది సొంత యుద్ధ చరిత్ర లేక కాదు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆపైన ఇక్కడికి రాజధాని మార్చారు. రాజమహల్ మూడంతస్తులతో నిలిచే ఉంది, లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, కోటలో సౌండ్ అండ్ లైట్ షో వేస్తారు. అయినా పల్లె కుర్రాడు కట్టాలని కలగనేది రాయల వేషం కాదు, రారాజు వేషం. రాయల కథను శాసనాల్లో చదవాలి. రారాజు మాత్రం ఏటా మన వీధిలోకే వస్తాడు, ఆ వేషంలో ఉన్నవాడు పొద్దున మన పక్క మడిలో నీళ్ళు కట్టే మామో, బావో కావచ్చు.

రాత్రంతా మేలుకునే జనం తగ్గుతున్నారు. దరువులు చేతిరాత నోటు పుస్తకాల్లో ఉన్నాయి, గురువు పోతే కొన్ని ఆయనతోనే పోతున్నాయి. ఫోనుల్లో చక్కర్లు కొట్టేది దుర్యోధన వధలో చివరి నాలుగు నిమిషాలే. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, పద్మావతి మహిళా వంటి విశ్వవిద్యాలయాలున్నాయి. అవి ఒక్క ఊరి భారతాన్నయినా జెండా ఎక్కించిన రోజు నుంచి పట్టాభిషేకం దాకా, హరికథతో, తెర పట్టేవాళ్ళతో, కిరీటం చేసే పనివాడితో, మట్టిబొమ్మ మలిచే కూలీలతో సహా పూర్తిగా చిత్రీకరించి పెట్టాలి. ఆ పని దుర్యోధనుడి వేషం కడుతూ ముసలివాళ్ళైన నటుల దగ్గర మొదలుపెట్టాలి. రాయబారం ఘట్టంలో వాళ్ళు పాడే దరువులన్నీ ముందు రికార్డు కావాలి.