మదురై జైలులో మొలకెత్తిన శాసనం

తల్లీ దుర్గాబాయమ్మా! రాజమండ్రిలో పుట్టి, కాకినాడ ఉప్పుగాలిలో ఎదిగి, ఢిల్లీ సభామందిరంలో ఉప్పొంగిన గోదారి కెరటమా! నిన్ను ఏ పేరుతో కొలవను? ఉక్కుమనిషివి అందామంటే నీ గుండెలోని వెన్న నొచ్చుకుంటుంది. అమ్మా అని ఊరుకుందామంటే నీ చంకలోని లా పుస్తకం నవ్విపోతుంది.

పన్నెండేళ్ళ పసిదానివి! 1921లో గాంధీ కాకినాడ వస్తున్నాడంటే, ఊరి గొప్పవాళ్ళ గుమ్మాలు వదిలి, దేవదాసీల వాకిళ్ళకు వెళ్ళావు. ఘోషా తెరల చాటున ఉన్న ముస్లిం స్త్రీలను కదిలించావు. అయిదు వేలు పోగుచేస్తేనే ఆయన్ని వాళ్ళ సభకు తెస్తామన్నారు పెద్దలు. అడిగిందాని కంటే మిన్నగా, గాజులై గొలుసులై గలగలలాడుతూ, ఆ ఆడవాళ్ళ బంగారమంతా ఆ సభలో వెల్లువెత్తింది. ఊరు చిన్నచూపు చూసిన చేతులకే ఇచ్చే గుణం ఎక్కువని ఆనాడే కనిపెట్టావా తల్లీ? మరో రెండేళ్ళకు ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో టిక్కెట్టు లేదని నెహ్రూనే నిలబెట్టావు! ఎంతటివాడైనా నిబంధన ముందు ఆగాల్సిందేనన్న ఆ చిన్నారి మొండితనమే నీ న్యాయశాస్త్రానికి తొలి పాఠమని నాకనిపిస్తుంది.

ఇక మదురై జైలు. ఆ పేరు తలచుకుంటేనే వాక్యం బరువెక్కుతుంది. ఉప్పు సత్యాగ్రహం నిన్ను కటకటాల వెనక్కి పంపింది. కటకటాలు నిన్ను కడగండ్ల దగ్గరికి చేర్చాయి. హత్యానేరం మోస్తున్న ఆడవాళ్ళు అక్కడ కనిపించారు నీకు. అక్షరం ఎరుగనివాళ్ళు, తమ మీద మోపిన నేరమేమిటో, తమకున్న దారేమిటో చెప్పేవాళ్ళు లేనివాళ్ళు, కోర్టులో నోరు పెగలనివాళ్ళు. వాళ్ళ కథలు విన్నావు. జాలిపడి ఊరుకుంటే నువ్వు దుర్గవెందుకవుతావు? బయటికి రాగానే పలకా బలపం పట్టినంత ఆత్రంగా మళ్ళీ చదువు పట్టావు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టలు లేదంటే, తోటి పిల్లల్ని వెతికి నువ్వే హాస్టలు పెట్టించావు. మద్రాసులో నల్లకోటు తొడిగావు. బడి మానేసిన తెలుగు పడుచులకు బెనారస్ మెట్రిక్ పాఠాలు చెప్పిస్తూ ఆంధ్ర మహిళా సభను పందిరిలా అల్లావు. ఆ జైలు గోడలు నేర్పింది ఏ లా కాలేజీ నేర్పగలదు!

అలా వచ్చావు రాజ్యాంగ నిర్మాణ సభలోకి, పదిహేనుమంది స్త్రీలలో ఒకతెవై. సవరణ వెంట సవరణ, వాదం వెంట వాదం! రాజ్యసభలో అడుగుపెట్టాలంటే ముప్పయ్యయిదేళ్ళు నిండాలా, ముప్పయి చాలవా అని అడిగి, తలుపు అయిదేళ్ళు ముందుకు జరిపావు. అంబేడ్కర్ హిందూ కోడ్ బిల్లు తెస్తే, వితంతువుకు వాటా, కూతురికి భాగం, పొసగని పెళ్ళికి విడాకులు అంటే, సనాతనం సభ లోపలా బయటా హోరెత్తితే, నువ్వు బిల్లు పక్షాన నిలిచావు. ఎనిమిదేళ్ళకే నీ మెడలో పెళ్ళిముడి వేసిన లోకం కదా అది! పెరిగి పెద్దయ్యాక ఆ ముడిని నువ్వే విప్పుకున్నదానివి కదా! పుస్తకంలో చదివిన ధర్మసూక్ష్మం కాదు తల్లీ, ఒంటి మీద మోసిన శాసనం.

చైనాలో కుటుంబ న్యాయస్థానాలు చూసివచ్చి, మన ఆడవాళ్ళ కన్నీళ్ళకూ అలాంటి చోటు కావాలని పోరావు. 1981లో నువ్వు వెళ్ళిపోయావు. 1984లో ఆ న్యాయస్థానాల చట్టం వచ్చింది. కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అన్న మాట 1985 సెప్టెంబరు 5 నుంచి నీ తెలుగు నేల మీద అమలుకు వచ్చింది. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు వర్తించదన్న మెలిక ఒకటి పెట్టారనుకో! దేశమంతటికీ ఆ మాట అందడానికి 2005 దాకా పట్టింది.

ఏం చెప్పను తల్లీ! కట్నం పోశాం, సారె పెట్టాం, ఇంకా వాటా ఏమిటే అంటూ హక్కు విడుదల దస్తావేజు చెల్లెలి ముందుకు జరిపే అన్నలు నేటికీ ఉన్నారు. ఆ కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివి, పెన్నుకు మూతపెట్టి, సంతకం పెట్టనని చెప్పే చెల్లెళ్ళూ ఉన్నారు. వాళ్ళంతా నీ వంశమే!