కొత్త బియ్యానికి ఒక్క రోజు

ఏడాది పొడుగునా కొత్త బియ్యమంటే మనకు చిన్నచూపే. కొట్లో అడుగు పెట్టగానే అడిగే మాట "పాతవేనా?" అని. కొత్తవైతే అన్నం ముద్దవుతుంది, అరగదు అని పేరు. మాగిన బియ్యానికి రేటూ ఎక్కువే. అలాంటిది, సంక్రాంతి నాడు మాత్రం వాటికే పీట వేస్తాం.

తొలి పంట దేవుడికన్న లెక్క ఎలాగూ ఉంది. వండేవాళ్ల లెక్క మరొకటుందని నా నమ్మకం. గంజి ఇట్టే దిగి మెతుకులు ఒకదానికొకటి అతుక్కోవడం అన్నంలో తప్పు. పొంగలికి కావలసింది అదే. పాత సోనామసూరితో చేసి ఎంత మెదిపినా ఆ జిగురు రాదు. రాలేదని నెయ్యి గుమ్మరిస్తారు, జీడిపప్పు గుప్పిస్తారు. జీడిపప్పు ఎక్కువైన పొంగలిని నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

గ్లాసు బియ్యానికి పావు గ్లాసు పెసరపప్పు. పప్పు వేయించి, రంగు మారక ముందే, కమ్మటి వాసన రాగానే దించాలి. చిక్కటి పాలలో నీళ్లు కలిపి, పొంగు గిన్నె అంచు దాటాక బియ్యం, పప్పు వేయాలి. కొత్త బియ్యం నీళ్లు తక్కువ తాగుతుంది కాబట్టి మొదటే ఎక్కువ పోయకూడదు. కుక్కర్లో పెడితే పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ పాలు పొంగడం ఎవరు చూస్తారు?

అసలు కిటుకంతా బెల్లం దగ్గరుంది. మా అక్క కూతురు ఏటా పండగ పూట ఫోన్ చేస్తుంది.

"పిన్నీ, పాలు విరిగిపోయాయి."

"బెల్లం ఎప్పుడు వేశావే?"

"పాలు మరుగుతుంటే."

అదీ సంగతి. బెల్లంలో కొంచెం పులుపు గుణం ఉంటుంది, మరిగే పాలను విరిచేస్తుంది. పైగా బెల్లం పడ్డాక మెతుకు బిగుస్తుంది, ఇక ఉడకదు. అందుకే మెతుకును వేళ్ల మధ్య నలిపి, పలుకు తగలకుండా పూర్తిగా మెదిగిందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత పొయ్యి ఆపి, కాస్త వేడి తగ్గాక బెల్లం నీళ్లు కలపాలి. గ్లాసున్నర బెల్లం చాలు, తీపి ఇష్టమైతే రెండు. కొద్ది నీళ్లలో కరిగించి గుడ్డతో వడకడితే చెరకు పీచు, నల్లటి నలకలు, అడుగున ఇసుక కనిపిస్తాయి. మేలిమి అనకాపల్లి బెల్లమైనా వడకట్టాల్సిందే. పసుపచ్చగా మెరిసే దిమ్మ చూసి మోసపోవద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లున్నారు. ముదురు రంగుదే నయం, పొంగలి నల్లబడితే నల్లబడనీ.

నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు, ఏలకుల పొడి, ఇష్టముంటే పచ్చకర్పూరం. కర్పూరం ఆవగింజంతే. రవ్వంత ఎక్కువైనా చేదెక్కి నోట పెట్టలేం.

దించేటప్పుడు జారుగా ఉందని కంగారుపడి మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. నైవేద్యం అయ్యేలోగా అదే బిగుస్తుంది. మరీ గట్టిపడితే, పక్కన ఉంచుకున్న గోరువెచ్చని పాలు రెండు గరిటెలు పోసి కలపండి.