నిరుటి బస్తాలు, ఈ ఏటి పదును

బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాణ్ణి పిచ్చర్ అంటారు. క్రికెట్‌లో బౌలర్‌కున్న స్థానం కంటే ఆ ఆటలో అతనికి పెద్ద పీటే వేస్తారు కాబట్టి, సీజన్ మొదలుకాకముందే ఏ పిచ్చర్ అందరినీ మించుతాడో అంచనా కట్టడం అమెరికాలో ఒక శాస్త్రమంత పెరిగింది. ఉత్తమ పిచ్చర్‌కు 1956 నుంచి ఇస్తున్న సై యంగ్ పురస్కారం ఎవరిదన్నదే ఆ చర్చలో ముఖ్యమైన ప్రశ్న. చాలాకాలం పిచ్చర్ ఖాతాలో పడిన గెలుపులనే కొలమానంగా తీసుకున్నారు గాని, సొంత జట్టు పరుగులు తీయకపోతే ఎంత గొప్పగా విసిరినా గెలుపు దక్కదు. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ ఖాతాలో 10 గెలుపులు, 9 ఓటములు ఉన్నా, ఫీల్డర్ల పొరపాట్లు మినహాయిస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన పరుగుల సగటు 1.70 మాత్రమే కావడంతో పురస్కారం అతన్నే వరించింది.

బ్యాట్‌కు తగిలి మైదానంలో పడిన బంతి ఏమవుతుందన్నది చాలామటుకు పిచ్చర్ చేతిలో లేదని 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అనే పరిశీలకుడు రాసినప్పుడు పలువురు నమ్మలేదు. బ్యాటర్‌ను బంతి తగలనివ్వకుండా వెనక్కి పంపడం, గురి తప్పిన బంతులతో ఊరికే బేస్ ఇవ్వకపోవడం, హోమ్ రన్ కొట్టనివ్వకపోవడం, ఈ మూడే అతని సొంత పనితనానికి గుర్తులని, వచ్చే ఏటి అంచనాకు వాటినే చూడాలని ఆ వాదన సారాంశం.

జరిగిపోయిన ఫలితానికీ రాబోయేదాన్ని చెప్పే గుర్తుకూ ఉన్న ఈ తేడా కోయిలకుంట్ల నల్లరేగడిలో శనగ వేసే రైతుకు విడమరిచి చెప్పనక్కరలేదు. చిత్త, స్వాతి కార్తెల్లో గొర్రు కట్టే ముందు అతను నిరుడు ఎన్ని బస్తాలైనాయో లెక్కపెట్టుకోడు; జానెడు లోతు తవ్వి, పిడికెడు మన్ను తీసి పిసికి, అది ముద్ద కట్టి, కింద వదిలినప్పుడు చిట్లితే పదును కుదిరిందంటాడు, చేతికి బంకలా అంటుకుంటే ఇంకా ఆరాలంటాడు. విత్తనం మొలవడానికి నేలలో ఉండవలసిన తేమను పదును అంటారు. బస్తాలు అయిపోయిన పంట కథ, పదును రాబోయే పంట కథ.

మన బౌలర్లలో అలా పదును చూసి పట్టుకోదగినవాడు మహమ్మద్ సిరాజ్. 2015-16లో రంజీల్లో అడుగుపెట్టి, మరుసటి సీజన్‌లో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీశాడు. 2017 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ అతనికి 2.6 కోట్లు పెట్టింది. అదే జట్టులో భువనేశ్వర్ కుమార్ 2016లో 23, 2017లో 26 వికెట్లతో, అత్యధిక వికెట్లు తీసినవారికిచ్చే పర్పుల్ క్యాప్‌ను వరసగా రెండేళ్లు అందుకున్నాడు. ఆ బస్తాలు చూసినవారు మూడో ఏడు కూడా అతనిదే అనుకోవడంలో వింతలేదు. కానీ 2018లో 12 మ్యాచ్‌ల్లో అతనికి దక్కినవి 9 వికెట్లే.