పీర్ టీమ్ వెళ్లిపోయాక

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ నుంచి పరిశీలక బృందం, అంటే పీర్ టీమ్, వస్తోందంటే కాలేజీకి పెళ్లికళ వస్తుంది. గోడలకు సున్నం, గేటుకు మామిడి తోరణం, స్టాఫ్ రూమ్ బల్లల నిండా ఫైళ్లు. కాలేజీలోని అంతర్గత నాణ్యతా విభాగం (ఐక్యూఏసీ) కోఆర్డినేటర్‌గా, తర్వాత ప్రిన్సిపల్‌గా ఆ సందడిని దగ్గరుండి చూశాను. అందులో ఒక రాత్రి మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఐదేళ్ల సమావేశాల మినిట్స్‌ని ఒక్కరాత్రిలో, ఒకే పెన్నుతో రాసిన రాత్రి అది. జరగని చర్చలకు సంతకాలు పెట్టాం. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

నాక్ 1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడింది. కాలేజీని ఏడు క్రైటీరియన్ల కింద పరిశీలిస్తూ వచ్చింది. బోధన, మూల్యాంకనం అందులో ఒకటి, పాలన, నాయకత్వం మరొకటి. 2017లో పద్ధతి మార్చి అంకెల్లో చూపగలిగే వివరాలకు ప్రాధాన్యం పెంచారు. విద్యార్థుల అభిప్రాయాన్ని కూడా నేరుగా సేకరించడం మొదలుపెట్టారు. ఇన్ని ఫారాల వెనక ఉన్న ప్రశ్నలు నాలుగే. ఏం చేయాలనుకున్నారు? ఏం చేశారు? పిల్లలకు ఏం వచ్చింది? లోటు తెలిశాక ఏం మార్చారు? మంచి ప్రశ్నలే. ఐదేళ్లకోసారి ఎవరో వచ్చి అడిగేదాకా ఆగడంలోనే ఉంది మన తప్పంతా.

ఎవరూ వచ్చి అడగకముందే ఆ ప్రశ్నలు వేసుకున్నవారూ ఉన్నారు. ఫస్టియర్ కెమిస్ట్రీ మిడ్ పరీక్ష అయ్యాక మా లెక్చరర్ ఒకరు మార్కులు వేసి ఊరుకోలేదు. తెల్లకాగితం మీద గళ్లు గీశారు. విద్యార్థికో వరుస, ప్రశ్నకో నిలువు గడి. వచ్చినచోట టిక్కు, రానిచోట సున్నా. మొలారిటీ లెక్క దగ్గర పైనుంచి కిందిదాకా దాదాపు అన్నీ సున్నాలే.

"సార్, వీళ్లకు లెక్క రాలేదో, ప్రశ్నే అర్థం కాలేదో తేల్చుకోవాలి" అన్నారామె.

మర్నాడు అదే ప్రశ్నను క్లాసులో తెలుగులో చదివి వినిపించారు. సగానికి పైగా పిల్లలు చేసేశారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు వాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మారింది. లెక్క వచ్చిన పిల్లలు మాట దగ్గర ఆగిపోయారు. ఆమె నన్ను అడిగినవి రెండే: పది రోజుల బ్రిడ్జి కోర్సు, పదాల పట్టికకు జిరాక్సు ఖర్చు. టైమ్‌టేబుల్ సర్దాం. తర్వాతి మిడ్‌లో అలాంటి లెక్కే ఇస్తే ఆ గడిలో టిక్కులు పడ్డాయి.

ప్లానింగ్ అన్నా, అసెస్‌మెంట్ అన్నా నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది. తర్వాత పీర్ టీమ్ వచ్చినప్పుడు దానికోసం కొత్తగా ఫైలు కట్టే పని పడలేదు. అప్పటికే అది తేదీతో సహా డిపార్ట్‌మెంట్ రిజిస్టర్‌లో ఉంది.

ఆమె ఆ కాగితం పట్టుకొచ్చిన రోజు "ఇన్ని సున్నాలేమిటి?" అని నేను కసురుకుని ఉంటే ఏమయ్యేది? ఇంకెప్పుడూ ఏ లెక్చరరూ లోటు చూపించేవారు కాదు. అందరూ నిండు అంకెలే తెచ్చి ఇచ్చేవారు. ఒక్కరాత్రిలో రాసే మినిట్స్ పుట్టేది ఆ భయంలోంచే. లోటును ధైర్యంగా చెప్పుకోగలిగే చోటుగా కాలేజీని నిలపడమే ప్రిన్సిపల్ చేయాల్సిన మొదటి పని. పర్‌స్పెక్టివ్ ప్లాన్లు, యాక్షన్ టేకెన్ రిపోర్టులు ఆ తర్వాతే.

ప్రిన్సిపల్ మిత్రులకు ఒక విన్నపం. వచ్చే స్టాఫ్ మీటింగులో మొదటి అంశంగా ఇది పెట్టండి: ఈ నెల మన పిల్లలకు ఏది రాలేదు? నిజం చెప్పినవారిని అందరి ముందూ మెచ్చుకోండి. ఆ సాయంత్రమే, జరిగింది జరిగినట్టు మినిట్స్ రాయించండి.